చాలా ఏళ్ల తర్వాత సొంతూరికి వెళ్తున్నాం: చుట్టపుచూపుగా కాకుండా ఉండాలంటే ఏం చేయాలి?

తూర్పుకిటికీ

అందరికీ నమస్కారం. వేరే దేశంలో స్థిరపడి చాలా ఏళ్లయింది. మధ్యలో వీసా మార్పులు, ఉద్యోగం మారడం, బాబు పుట్టడం, ఆ వెంటనే కోవిడ్. ప్రయాణం వాయిదా పడుతూనే వచ్చింది. ఎట్టకేలకు టికెట్లు కొన్నాం. సెలవు మాత్రం కొద్ది వారాలే.

సంతోషం ఎంత ఉందో టెన్షన్ కూడా అంతే ఉంది. విమానం గురించో సామాను గురించో కాదు. అమ్మానాన్నలతో ఫోన్లో రోజూ మాట్లాడతాను. అయినా వాళ్లు నాకు చెప్పకుండా దాచేవి చాలా ఉన్నాయని తెలుస్తూనే ఉంటుంది. "అంతా బాగానే ఉందమ్మా" అనే మాట వెనక ఏముందో మా చెల్లెలికి తెలుసు, నాకు తెలీదు. అక్కడ అన్నీ చూసుకునేది తనే. నేను వెళ్లి ఇల్లంతా సందడి చేసి, తన పని ఇంకాస్త పెంచి వచ్చేస్తానేమోనని బెంగ.

ఇంకోటి, బంధువులు, స్నేహితులు, చదువు చెప్పిన టీచర్లు, పక్కింటివాళ్లు. అందరూ "ఎప్పుడొస్తున్నావు, మా ఇంట్లో ఎన్నాళ్లుంటావు" అని అడుగుతున్నారు. అందరి ఇళ్లకూ తిరిగితే అమ్మ పక్కన కూర్చునే టైమే ఉండదు. వెళ్లకపోతే నిష్ఠూరాలు.

పుట్టి పెరిగిన ఇంట్లో నేనే చుట్టాన్నైపోతానేమో అన్నదే అసలు భయం. ఈ ప్రయాణం చేసినవాళ్లు మీకు తెలిసింది చెప్పండి.

నడిరాత్రిమెలకువ

మొదటి నాలుగైదు రోజులు ఎవరికీ మాట ఇవ్వకండి. నేను అందరికీ చెప్పేది ముందు ఇదే.

మనిషి లోపలి గడియారం సహజంగా 24 గంటల కన్నా కొంచెం ఎక్కువ నడుస్తుంది. 1999లో వచ్చిన ఒక పరిశోధనలో అది సగటున 24 గంటల 11 నిమిషాలని తేలింది. అందుకే రోజు పొడవయ్యే పడమటి ప్రయాణం కన్నా, రోజు కుదించుకుపోయే తూర్పు ప్రయాణం చాలామందికి కష్టంగా ఉంటుంది. సర్దుకోవడానికి ఒక్కో టైమ్ జోన్‌కు దాదాపు ఒక రోజు పడుతుందని లెక్క వేసుకోండి. తగిన సమయంలో ఎండ తగిలితే సర్దుకోవడం తేలికవుతుంది.

ఆస్తి, అనారోగ్యం, తోబుట్టువుల మధ్య బాధ్యతలు, ఇలాంటి బరువైన మాటలేవీ నిద్ర సరిపోని ఆ రోజుల్లో ఎత్తకండి. నిద్ర లేనప్పుడు చిన్న మాటకే మనసు కష్టపెట్టుకుంటాం. అది అక్కడివాళ్లకు పొగరులా కనిపిస్తుంది.

పాతపలక

నేను సమాజశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా పిల్లలిద్దరూ విదేశాల్లోనే ఉన్నారు కాబట్టి ఈ సంగతి నాకు పుస్తకంలోనూ తెలుసు, ఇంట్లోనూ తెలుసు.

ఆల్ఫ్రెడ్ షూట్జ్ అనే ఆయన 1899లో వియన్నాలో పుట్టారు. నాజీల కాలంలో దేశం వదిలి 1939లో అమెరికా చేరారు. కొత్త దేశంలో అడుగుపెట్టే అపరిచితుడి గురించి 1944లో ఒక వ్యాసం రాశారు. మరుసటి ఏడాది, రెండో ప్రపంచ యుద్ధం నుంచి సైనికులు ఇళ్లకు చేరుతున్న రోజుల్లో, ఇంటికి తిరిగివచ్చేవాడి గురించి ఇంకో వ్యాసం రాశారు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే మీ భయం ఎక్కడ పుడుతోందో అర్థమవుతుంది.

కొత్త దేశానికి వెళ్లేవాడు అక్కడ ఏదీ తనకు తెలీదనే సిద్ధపడి వెళ్తాడు. ఇంటికి వచ్చేవాడికి ఆ సిద్ధపాటు ఉండదు. తనకన్నీ తెలుసుననుకుంటాడు. తను వదిలి వెళ్లిన రోజు దగ్గరే ఇల్లు ఆగి ఉంటుందని, ఎక్కడ ఆపాడో అక్కడి నుంచి కొనసాగించవచ్చని లోపల ఎక్కడో నమ్ముతాడు. ఉండిపోయినవాళ్లు కూడా అతన్ని పాత మనిషిలాగే ఊహించుకుంటారు. ఇద్దరూ మారిపోయారు, ఒకరి మార్పు ఇంకొకరు చూడలేదు. రోజూ కలిసి ఉన్నవాళ్ల మధ్య చిన్నచిన్న విషయాలే బంధాన్ని నిలబెడతాయి. దూరంగా ఉన్నవాళ్లకు చేరేది పెద్ద వార్తలే. ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, ఆపరేషన్ జరిగింది. ఆ మధ్యలోని బతుకంతా జారిపోతుంది.

తూర్పుకిటికీ గారూ, మీరు వెళ్లి ముందుగా చేయాల్సింది ఆ మధ్యలోని బతుకు గురించి అడగడం. మీ విశేషాలు చెప్పడం తర్వాత. "నువ్విప్పుడు పొద్దున లేచి ముందు ఏం చేస్తావు? సాయంత్రం ఎవరితో మాట్లాడతావు?" అని మీ అమ్మగారిని అడగండి. మా అమ్మాయి మొదటిసారి అలా అడిగినప్పుడు మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. అంతకుముందు ఎప్పుడొచ్చినా "ఆరోగ్యం ఎలా ఉంది" దగ్గరే మాట ఆగిపోయేది.

గట్టుమీదిచెట్టు

నేను ఊరు వదలని మనిషిని. అన్నయ్య, అక్క విదేశాల్లో ఉన్నారు, అమ్మానాన్నల దగ్గర నేనున్నాను. ఇక్కడ అందరూ వెళ్లినవాళ్ల వైపు నుంచే రాస్తున్నారు. మీ చెల్లెలి వైపు నుంచి నేను రాస్తాను.

మీరొస్తున్నారంటే మాకు నిజంగా సంతోషం. అందులో అనుమానం పెట్టుకోకండి. కానీ మీరు వచ్చిన వారానికి ఏం జరుగుతుందో చెప్తాను. నాన్న మందులు చూసి "ఇన్ని ఎందుకు వేస్తున్నారు" అంటారు. ఆ డాక్టరు మంచివాడు కాదంటారు, మీ దేశంలో ఇలా ఉండదంటారు. ఇంట్లో ఏదో విరిగిపోయి ఉంటే "ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదా" అంటారు. మీరు ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు. ఆ మాట వింటే మాత్రం, రాత్రిళ్లు ఆసుపత్రి బెంచీ మీద గడిపిన ఏళ్లన్నీ ఒక్కసారి గుండె మీద కూర్చుంటాయి.

అమ్మానాన్నలు కూడా మీ ముందు వేరేగా ఉంటారు. నాకు రోజూ చెప్పుకునే నొప్పి మీ ముందు ఉండదు. నడవలేని మనిషి మీకోసం లేచి నడుస్తాడు. మీరు చూసి "బాగానే ఉన్నారు కదా" అనుకుని వెళ్లిపోతారు. మీరు వెళ్లాక వాళ్లు మంచం పడితే ఆ రోజులు కూడా నావే.

కాబట్టి మీరు చేయగలిగింది ఒకటి ఉంది. వచ్చాక మీ చెల్లెలిని ఇంటి నుంచి పంపించండి. విహారమో, స్నేహితురాలి ఇల్లో, ఊరికే వేరే చోట నిద్రపోవడమో, ఎక్కడికైనా. ఆమె చేసే పనులన్నీ ఆ కొద్ది రోజులు మీ చేతుల్లోకి తీసుకోండి. ఎప్పుడు ఏ మాత్ర, ఎవరికి ఫోన్ చేయాలి, రాత్రి ఎన్నిసార్లు లేవాలి, నాన్న దేనికి చిరాకు పడతారు, అంతా. సలహా ఇవ్వదలుచుకుంటే ఆ తర్వాతే ఇవ్వండి. ఏ పనీ చేయకుండా కూర్చునేది చుట్టమే. బాధ్యత భుజానికెత్తుకున్నవాళ్లను ఎవరూ చుట్టమనుకోరు.

ఖరీదైన వస్తువులు తేవడం మీద పెట్టే శ్రద్ధ దీని మీద పెడితే మీ చెల్లెలు జన్మంతా గుర్తుపెట్టుకుంటుంది.

తూర్పుకిటికీ

గట్టుమీదిచెట్టు గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ తోచలేదు. మా చెల్లెలు ఇవేవీ నాతో అనలేదు. అనకపోయినా మనసులో ఉండే ఉంటుంది. ఇవాళే తనకు ఫోన్ చేసి "నేనొచ్చాక నువ్వు ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నావో ఇప్పుడే చెప్పు, టికెట్ కొంటాను" అన్నాను. ముందు నవ్వింది. తర్వాత కాసేపు మాట్లాడలేదు. ఆలోచించి చెప్తానంది.

పాతపలక మాస్టారూ, మీరు చెప్పిన ప్రశ్నలు రాసి పెట్టుకున్నాను.

మందులచీటీ

నేను నర్సుని. ప్రయాణికులకు టీకాలు వేసే క్లినిక్‌లో పనిచేస్తాను. మా దగ్గరకు రావాల్సినవాళ్లలో అందరికన్నా తక్కువగా వచ్చేది సొంతూరికి వెళ్లేవాళ్లే. టూరిస్టులు భయపడి వస్తారు. సొంతూరికి వెళ్లేవాళ్లు "నేను అక్కడే పుట్టాను, నాకేం కాదు" అనుకుంటారు. అందుకే బంధుమిత్రులను చూడటానికి వెళ్లేవారిని ప్రయాణ వైద్యంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సిన వర్గంగా లెక్కిస్తారు. వీళ్లు ఎక్కువ రోజులుంటారు, ఇళ్లలో కలిసిపోయి ఉంటారు, ముందుజాగ్రత్త మందులు తక్కువగా వాడతారు.

మలేరియా ఉన్న ప్రాంతంలో పెరిగినవాళ్లకు కొంత రక్షణ ఏర్పడుతుంది కానీ అది పూర్తిగా ఉండదు, శాశ్వతమూ కాదు. ఆ ప్రాంతం వదిలాక తగ్గిపోతుంది. విదేశంలో పుట్టిన పిల్లలకు అది మొదటి నుంచీ ఉండదు. హెపటైటిస్ ఎ అనే కాలేయ జబ్బు సంగతి చూస్తే, మీకు చిన్నప్పుడే వచ్చిపోయి ఉండొచ్చు, మీ పిల్లలకు రాలేదు. ప్రయాణానికి 4 నుంచి 6 వారాల ముందే డాక్టరును కలవండి. టైఫాయిడ్ ఇంజెక్షన్ కనీసం 2 వారాల ముందు పడాలి. తట్టు టీకా 2 డోసులూ పూర్తయ్యాయో లేదో చూసుకోండి. తిరిగొచ్చాక జ్వరం వస్తే, అది నెలల తర్వాత అయినా సరే, ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.

రోజూ వేసుకునే మందులు చేతి సంచీలోనే ఉండాలి. అసలు ప్యాకెట్లలోనే, ప్రిస్క్రిప్షన్‌తో. కొన్ని నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు కొన్ని దేశాల్లోకి తీసుకెళ్లడానికి ముందే అనుమతి కావాలి. విమానంలో మధ్యమధ్య లేచి నడవండి. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన ప్రకారం 4 గంటలు దాటిన ప్రయాణం తర్వాత కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుంది. మొత్తం మీద అది 6000 మందిలో ఒకరికి వచ్చేంత అరుదే. గర్భిణులు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు మాత్రం డాక్టరును అడిగే బయల్దేరాలి.

ఇంతకన్నా ముఖ్యమైనది అమ్మానాన్నల సంగతి. గట్టుమీదిచెట్టు గారు చెప్పింది నిజమే, వాళ్లు మీ ముందు గట్టిగా కనిపించాలని చూస్తారు. కాబట్టి "ఎలా ఉన్నారు" అని అడిగితే లాభం లేదు, కనిపెట్టుకుని ఉండాలి. కుర్చీలోంచి లేవడానికి చేతులు ఆనించాల్సి వస్తోందా? చెప్పిన మాటే కాసేపటికి మళ్లీ చెప్తున్నారా? పక్కనుంచి పిలిస్తే పలుకుతున్నారా? వినికిడి తగ్గినవాళ్లు చాలామంది తల ఊపి నవ్వేసి సరిపెడతారు. మనం "నాన్న ఈమధ్య మాట తగ్గించారు" అనుకుంటాం. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన కమిషన్ మతిమరుపు జబ్బుకు (డిమెన్షియాకు) మనం తగ్గించుకోగల కారణాలు 14 ఉన్నాయని చెప్పింది, వాటిలో వినికిడి లోపం ఒకటి. పరీక్ష చేయించడం ఈ ప్రయాణంలోనే అయ్యే పని.

ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక చోట పోసి పేర్లు రాయండి. ముగ్గురు డాక్టర్లు రాసిన మందుల్లో ఒకే మందు రెండు పేర్లతో ఉండటం మేం తరచూ చూస్తాం. ఆ జాబితా డాక్టరుకు చూపించండి, మీరే ఏదీ ఆపేయకండి. రాత్రిపూట మంచం నుంచి బాత్‌రూమ్ దాకా దీపం, పట్టుకోవడానికి గోడకు ఒక కడ్డీ, జారే కాళ్లపట్టాలు తీసేయడం. చాలా ఇళ్లలో పడిపోవడాలు ఆ కొద్ది అడుగుల్లోనే జరుగుతాయి.

కాగితాలపెట్టె

కాగితాల గురించి చెప్తాను, ఎవరూ ఎత్తలేదు. చాలా దేశాలు పాస్‌పోర్టు ప్రయాణ తేదీ నుంచి 6 నెలలైనా చెల్లుబాటులో ఉండాలంటాయి. మీ పౌరసత్వం మారి ఉంటే, పుట్టిన దేశంలోకి వెళ్లడానికే వీసా అవసరం కావచ్చు, ముందే చూసుకోండి. తల్లిదండ్రుల్లో ఒకరే పిల్లాడితో వెళ్తుంటే రెండోవారి సమ్మతి పత్రం దగ్గర పెట్టుకోండి.

అమ్మానాన్నల బ్యాంకు పనుల కోసం పవర్ ఆఫ్ అటార్నీ లాంటిది రాయించుకోవాలంటే మీరు అక్కడున్నప్పుడే చేయండి. తిరిగొచ్చాక పత్రం ఒక దేశంలో రాసి ఇంకో దేశంలో వాడాలంటే అపోస్టీల్ కావాలి, అది 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం ఇచ్చే ధ్రువీకరణ ముద్ర. రెండు దేశాల్లో ఏ ఒక్కటి ఆ ఒప్పందంలో లేకపోయినా రాయబార కార్యాలయం దాకా వెళ్లాలి. సామాను ఆలస్యంగా వస్తే, 1999 మాంట్రియల్ ఒప్పందం వర్తించే ప్రయాణాల్లో, అది మీ చేతికొచ్చిన 21 రోజుల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. దెబ్బతింటే 7 రోజులే గడువు.

సగంమాట

నేను విదేశంలో పెరిగిన పిల్లని. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను. అక్కా, మీ బాబు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

చిన్నప్పుడు నన్ను తీసుకెళ్లినప్పుడు దిగిన రోజే ఇల్లంతా మనుషులు. అందరూ నన్ను ముద్దు చేశారు. అందరూ "నేనెవరో చెప్పు" అని అడిగారు. ఎవరి పేరూ తెలీక అమ్మ వెనక దాక్కున్నాను. "మాట రాదా, ఒక్క ముక్క మాట్లాడు" అనేవారు. నాకు అన్నీ అర్థమయ్యేవి. ఇంట్లో వింటూ పెరిగిన పిల్లల్లో చాలామందికి అర్థం చేసుకునే శక్తి బాగుంటుంది, మాట్లాడటమే వెనకబడుతుంది. అందరి ముందు నిలబెట్టి మాట్లాడమంటే ఉన్న నాలుగు మాటలూ పోతాయి. ఆ తర్వాత చాలాకాలం ఆ భాషలో నోరు విప్పలేదు.

మాట తిరిగి ఎలా వచ్చిందంటే తాతయ్య వల్ల. ఆయన నన్నేమీ అడిగేవారు కాదు. పాత రేడియో విప్పి బాగుచేస్తూ "ఆ చిన్నది ఇటివ్వు, ఇది పట్టుకో" అనేవారు. చేతుల్లో పని ఉంటే మాట దానంతటదే వచ్చేది. మీ బాబుకు వెళ్లేముందు యాభై పేర్లు నేర్పకండి. ఒక్క మనిషిని పరిచయం చేయండి. ఇప్పటి నుంచే వీడియో కాల్‌లో వాళ్లిద్దరూ కలిసి బొమ్మ గీయడమో ఇంకోటో చేస్తే, దిగగానే పరిగెత్తుకుని వెళ్లేందుకు వాడికి అక్కడ తనదైన మనిషి ఒకరుంటారు. చుట్టాల ముందు "ఏదీ, చెప్పు చెప్పు" అని మాత్రం అడగనివ్వకండి అక్కా. అది మీ చేతిలోనే ఉంది.

ఒంటరిబాట

ఇక్కడ అందరూ ఇల్లంటే ప్రేమ అనే మాట మీదే మాట్లాడుతున్నారు. నాలాంటివాళ్లు కూడా ఇది చదువుతుంటారని రాస్తున్నాను.

నేను ఇల్లు వదిలింది చదువు కోసమని అందరికీ చెప్తాను. నిజానికి ఆ ఇంట్లో ఉండలేక వదిలాను. అయినా వెళ్తుంటాను, ఎందుకంటే అక్కడ నాకు అమ్మమ్మ ఉంది. ఇంట్లో దిగను, వేరే గది తీసుకుంటాను. ఎవరు ఎంత అన్నా ఆ ఒక్కదానిలో మెత్తబడను. పగలు అమ్మమ్మ దగ్గర ఉంటాను, సాయంత్రం నా గదికి వచ్చేస్తాను. అలా చేయగలుగుతున్నాను కాబట్టే ఇంకా వెళ్లగలుగుతున్నాను.

వెళ్లడం తప్పనిసరి మొక్కుబడి కాదు. ఎంతకాలం, ఎవరి దగ్గర, ఎప్పుడు లేచి వచ్చేయాలి అనేది మనమే పెట్టుకోవచ్చు. ఇంటి మనిషిలా ఉండాలనే ఆశ మంచిదే. కొన్ని ఇళ్లలో మాత్రం చుట్టంలా ఉంటేనే మనిషి క్షేమంగా ఉంటాడు.

పాతపలక

ఒంటరిబాట గారూ, మీరు రాయడం మంచిదైంది. నేను పైన చెప్పినదానికి ఈ మాట చేర్చకపోతే అది సగమే అవుతుంది. పౌలీన్ బాస్ అనే పరిశోధకురాలు 1970ల నుంచి ఒక రకమైన దుఃఖం గురించి రాస్తూ వచ్చారు. మనిషి పోలేదు, కానీ దగ్గర లేడు. లేదా ఎదురుగానే ఉన్నాడు, కానీ మునుపటి మనిషి కాడు. చావుకు ఉన్నట్టు దీనికి ఒక ముగింపు ఉండదు, పలకరించడానికి ఎవరూ రారు. వలస వెళ్లినవాళ్ల ఎడబాటును కూడా ఆవిడ ఇందులోనే చెప్పారు. ఇల్లు ఉండి కూడా ఇల్లు లేని మీ బాధ దీనికి దూరమైనది కాదనిపిస్తుంది.

తిరిగొచ్చాక ఏమవుతుందో కూడా ముందే తెలుసుకోవడం మేలు. 1955లో లిస్‌గార్డ్ అనే ఆయన అమెరికాలో ఉండి వచ్చిన నార్వే వాళ్లను అడిగి, కొత్త చోట మనసు మొదట ఉత్సాహంగా ఉండి, తర్వాత దిగజారి, మళ్లీ కుదుటపడుతుందని చెప్పారు. 1963లో గల్లాహోర్న్ దంపతులు, ఇంటికి తిరిగి చేరాక కూడా ఇదంతా మరోసారి జరుగుతుందన్నారు. తర్వాతి పరిశోధనల్లో అందరికీ ఇదే వరసలో జరగదని తేలింది కాబట్టి దాన్ని లెక్కలా పట్టుకోవద్దు. అయితే సెలవు మధ్యలో ఒక రోజు ఉన్నట్టుండి అన్నీ విసుగ్గా అనిపిస్తే, ఇక ఆ ఊరికి మీకూ చెల్లిపోయిందని మాత్రం తేల్చేసుకోకండి.

తూర్పుకిటికీ

వెళ్లి వచ్చాం. అడిగినవాళ్లందరికీ ఇక్కడే రాస్తున్నాను.

మొదటి వారం ఇంటి నుంచి కదల్లేదు. "ప్రయాణం బడలిక, వచ్చే వారం నేనే ఫోన్ చేస్తాను" అని అందరికీ ఒకే మాట చెప్పాం. నిజమే కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. తర్వాత ఒక ఆదివారం సాయంత్రం ఇంట్లోనే ఉంటామని, వీలైనవాళ్లు రమ్మని చెప్పాం. రాగలిగినవాళ్లు వచ్చారు. నేను వెళ్లి కలిసింది కదలలేని పెద్దవాళ్లను, నాకు చదువు చెప్పిన ఒక టీచరును, ఈమధ్య ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న ఒక స్నేహితురాలిని. ఈ ఇళ్లకు ఎంతసేపైనా సరే అని వెళ్లాను. మిగిలిన నిష్ఠూరాలు కొన్ని ఉన్నాయి, వాటికి తల వంచేశాను.

చెల్లెలు కాలేజీ నాటి స్నేహితురాలి దగ్గరకు వెళ్లింది. వెళ్లేముందు రోజు నన్ను కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చెప్పింది. నాన్నకు పొద్దున మాత్ర ఇచ్చాక ఎంతసేపటికి లేపాలి, అమ్మ రాత్రి ఏ వేళకు లేస్తుంది, గ్యాస్ కట్టారో లేదో తను ఎన్నిసార్లు చూసుకుంటుందో. నేను రాసుకుంటుంటే పేజీలు నిండాయి. ఏళ్ల తరబడి ఇదంతా ఒక్క మనిషి తలలో పెట్టుకుని తిరుగుతోంది. రాసుకోవడం పూర్తయ్యేసరికి నా కళ్లు నిండిపోయాయి.

తను లేని ఆ రోజుల్లో నాకు తెలిసింది ఫోన్లో ఎప్పటికీ తెలిసేది కాదు. నాన్న పేపరు చేతిలో పట్టుకుంటారు కానీ చదవడం లేదు. కళ్లు. పేపరు తిప్పుతూ కూర్చుంటే చదువుతున్నారనే అందరూ అనుకుంటున్నారు. కంటిపొర అని డాక్టరు చెప్పారు. ఆపరేషన్ తేదీ తీసుకున్నాం, నేనున్నప్పుడు కాకపోయినా తేదీ ఖాయమైంది. అమ్మ మందుల్లో మందులచీటీ గారు చెప్పినట్టే ఒకే మందు రెండు పేర్లతో దొరికింది. డాక్టరు చూసి ఒకటి ఆపించారు.

మాస్టారూ, మీ ప్రశ్న అమ్మను అడిగాను. పొద్దున లేచి ముందు ఏం చేస్తావమ్మా అని. "నీకక్కడ రాత్రి ఎంతయిందో లెక్కేసుకుంటాను" అంది. ఆ తర్వాత ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. నాన్నతో ఈమధ్య ఎందుకు గొడవలవుతున్నాయో, తనకు ఏ పని చేయడం భయంగా ఉందో, మేము పిల్లలుగా ఉన్నప్పుడు తను వదులుకున్న ఉద్యోగం సంగతి, అన్నీ చెప్పింది. ఆ ఉద్యోగం గురించి నేను పుట్టాక ఇదే మొదటిసారి వినడం.

బాబు సంగతి, సగంమాటా, నువ్వు చెప్పినట్టే చేశాం. వాడికి తాతయ్య ఒక్కడినే పరిచయం చేశాం. నాన్నకు చూపు సరిగ్గా లేదని ముందుగా కనిపెట్టింది కూడా వాడే. "తాతయ్య నేను గీసిన బొమ్మ తలకిందులుగా పట్టుకున్నాడు" అని వచ్చి చెప్పాడు.

చుట్టాన్నయ్యానా అంటే, మొదటి వారం అయ్యాను. తువ్వాళ్లు ఎక్కడున్నాయో అడగాల్సి వచ్చింది. చెల్లెలు లేని రోజుల్లో మాత్రం ఆ ఆలోచనే రాలేదు, అంత తీరిక లేదు.

గట్టుమీదిచెట్టు

మీ చెల్లెలు తిరిగొచ్చాక ఏమంది? నాకు అది తెలుసుకోవాలని ఉంది.

తూర్పుకిటికీ

పెద్దగా ఏమీ అనలేదండీ. తాళాలు తీసుకుంటూ "నాన్న రాత్రి లేచారా" అని అడిగింది. "రెండుసార్లు లేచారు, రెండోసారి మళ్లీ పడుకోవడానికి ఒప్పుకోలేదు" అన్నాను. "ఆ, అలాగే చేస్తారు" అంది. ఇప్పుడు రోజూ రాత్రి అమ్మకు ఫోన్ చేసే ముందు తనకు చేస్తున్నాను. డాక్టరు అపాయింట్‌మెంట్లు, మందుల ఆర్డర్లు, బిల్లులు, ఫోన్ మీద అయ్యే పనులన్నీ నా వైపుకు తీసుకున్నాను. మనిషి పక్కన ఉండి చేయాల్సినవి తనవే, వాటికి సాయంగా పగటిపూట ఒక మనిషిని పెట్టాం, ఆ జీతం నేను చూసుకుంటున్నాను. ఏడాదికి ఒకసారి తను సెలవు తీసుకునే వారం ఇప్పుడే ఖాయం చేశాం. నా టికెట్లు ఆ వారాన్ని బట్టి కొంటాను.

కొత్తసభ్యుడు

తూర్పుకిటికీ గారూ, నేను వచ్చే నెల వెళ్తున్నాను. మా నాన్నగారు వినికిడి పరీక్ష అంటేనే కోప్పడతారు, తనకేమీ లేదంటారు. మీ నాన్నగారిని కంటి డాక్టరు దగ్గరికి ఎలా ఒప్పించారు?

తూర్పుకిటికీ

మేమూ ముందు "డాక్టరు దగ్గరికి వెళ్దాం" అని అడిగాం, ససేమిరా అన్నారు. తర్వాత నేను, అమ్మ, నాన్న ముగ్గురం పరీక్ష చేయించుకుందామని అన్నాను. నాకూ చేయించుకోవాల్సిన అవసరం ఉంది కాబట్టి అందులో అబద్ధం లేదు. లోపలికి ముందు నేను వెళ్లాను, తర్వాత అమ్మ, చివర ఆయన. డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఆయన తరఫున మేమెవరం జవాబులు చెప్పలేదు. ఆయనే చెప్పుకున్నారు, మాకెప్పుడూ చెప్పనివి కూడా చెప్పారు. మీ నాన్నగారికి వినికిడి సమస్యే అయితే, డాక్టరును ఆయన వైపు తిరిగి, ముఖం కనిపించేలా, కాస్త నెమ్మదిగా మాట్లాడమని ముందే చెప్పి పెట్టండి. మీరు దిగిన వారంలోనే తీసుకెళ్లండి. వినికిడి మిషన్ పెట్టాల్సి వస్తే అది అలవాటు కావడానికి, సరిచేయించడానికి మళ్లీ ఒకటి రెండుసార్లు వెళ్లాలి, ఆ వెళ్లడాలకు కూడా మీరు ఉండగలగాలి.